కెపాసిటర్ ఒక్కటే చాలదు: హిందూపురం–పెనుకొండ–ధర్మవరం పరిశ్రమల్లో పవర్ ఫ్యాక్టర్, హార్మోనిక్స్

బెంగళూరు నుంచి గుంతకల్లు వైపు వెళ్లే రైలుకు ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టాక హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వరసగా తగులుతాయి. ఒకప్పుడు అనంతపురం జిల్లాలో ఉన్న ఈ మూడు ఊళ్లు 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. మూడింటికీ కరెంటు ఇచ్చేది తిరుపతి కేంద్రంగా పనిచేసే ఏపీఎస్పీడీసీఎల్. వాడకం మాత్రం ఊరికో తీరు. హిందూపురం పక్కన తూముకుంట, గోళాపురం పారిశ్రామికవాడల్లో ఇనుము కరిగించే యూనిట్లు, దుస్తుల ఫ్యాక్టరీలు ఉన్నాయి. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర ఏటా 3 లక్షల కార్లు తయారుచేయగల కియా కర్మాగారం, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు వెలిశాయి. ధర్మవరంలో పట్టు మగ్గాలు, వాటి సరసనే మరమగ్గాలు.

వీటన్నిటినీ పట్టి పీడించే విద్యుత్ సమస్యలు రెండు. పవర్ ఫ్యాక్టర్ పడిపోవడం పాతది. హార్మోనిక్స్ కొత్తది. మొదటిది నెలనెలా బిల్లులో అంకె రూపంలో కనబడుతుంది కాబట్టి యజమాని వెంటనే కదులుతాడు. రెండోదానికి బిల్లులో గడి ఉండదు. అందుకే చాలాచోట్ల మొదటి జబ్బుకు వేసిన మందు రెండో జబ్బును ముదరబెడుతోంది. పవర్ ఫ్యాక్టర్ కోసం తెచ్చిపెట్టిన కెపాసిటర్లే హార్మోనిక్స్‌ను పెంచి, చివరికి తామే ఉబ్బి పగిలిపోతున్నాయి.

బిల్లు నేర్పే పాఠం

మోటారు తిరగాలంటే లోపల అయస్కాంత క్షేత్రం ఏర్పడాలి. దానికి కావలసిన శక్తిని మోటారు లైను నుంచి తీసుకుంటుంది, మరుక్షణమే తిరిగి ఇచ్చేస్తుంది. 50 హెర్ట్జ్ సరఫరాలో ఈ రాకపోకలు సెకనుకు 100 సార్లు జరుగుతాయి. ఈ శక్తితో పని జరగదు, అయినా దీన్ని మోసే కరెంటు తీగల్లోంచే పోవాలి, ట్రాన్స్‌ఫార్మర్‌ను వేడెక్కించి తీరాలి. పనిచేసే శక్తిని కిలోవాట్లలోనూ, ఇలా వచ్చిపోయే రియాక్టివ్ శక్తిని కేవీఏఆర్‌లోనూ, రెండూ కలిసి లైను మీద వేసే మొత్తం భారాన్ని కేవీఏలోనూ చెబుతారు. కిలోవాట్లను కేవీఏతో భాగిస్తే వచ్చేదే పవర్ ఫ్యాక్టర్.

ఒక ఫ్యాక్టరీ 680 కిలోవాట్లు వాడుతోందనుకుందాం. పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉంటే లైను మీద భారం 850 కేవీఏ, అంటే 415 వోల్టుల దగ్గర దాదాపు 1,180 ఆంపియర్లు. అదే పనికి పవర్ ఫ్యాక్టర్‌ను 0.98కి తెస్తే భారం 694 కేవీఏకి, కరెంటు 965 ఆంపియర్లకు దిగుతుంది. తీగల్లో నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక వేడిగా పోయేదాంట్లో మూడో వంతు మిగులుతుంది. ఇందుకు కావలసిన కెపాసిటర్లు సుమారు 372 కేవీఏఆర్.

ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌టీ (హై టెన్షన్) వినియోగదారులకు యూనిట్లను కేవీఏహెచ్‌లో, అంటే కేవీఏ అవర్లలో లెక్కగడతారు. అందుకే పవర్ ఫ్యాక్టర్ తగ్గితే విడిగా జరిమానా రాయనక్కర్లేదు, యూనిట్ల లెక్కలోనే అది పడిపోతుంది. 11 కేవీ సాధారణ పరిశ్రమలకు ఇటీవలి టారిఫ్ ఆర్డర్లలో డిమాండ్ చార్జీ కేవీఏకి నెలకు 475 రూపాయలు, యూనిట్ ధర 6.30 రూపాయలు చొప్పున ఉంటూ వచ్చాయి. రోజులో వాడే సమయాన్ని బట్టి యూనిట్ ధరలో హెచ్చుతగ్గులు వేరే. పై ఫ్యాక్టరీ నెలకు 2 లక్షల కిలోవాట్ అవర్లు వాడితే, 0.8 దగ్గర మీటరు 2.5 లక్షల యూనిట్లు చూపిస్తుంది. 0.98 దగ్గర చూపేది 2.04 లక్షలే. తేడా దాదాపు 46 వేల యూనిట్లు, డబ్బులో నెలకు 2.89 లక్షల రూపాయలు. కెపాసిటర్ ప్యానెల్ ఖర్చు కొద్ది నెలల్లోనే తిరిగొచ్చేస్తుంది. విద్యుత్ పొదుపు పథకాల్లో ఇంత త్వరగా ఫలితమిచ్చేవి అరుదు.

డిమాండ్ చార్జీలో మాత్రం చిన్న మెలిక ఉంది. నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్, ఒప్పందంలో రాసుకున్న డిమాండ్‌లో 80 శాతం, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే చార్జీ పడుతుంది. ఒప్పందం 900 కేవీఏకి ఉంటే, ఫ్యాక్టరీ ఎంత పొదుపు చేసినా 720కి తక్కువ బిల్లు రాదు. 850 నుంచి 694కి దిగినా డబ్బు మిగిలేది 130 కేవీఏ మీదనే. మిగతా 26 కేవీఏ లాభం చేతికి రావాలంటే ఒప్పంద డిమాండ్‌ను (సీఎండీ) తగ్గించమని విద్యుత్ పంపిణీ సంస్థకు (డిస్కం) దరఖాస్తు పెట్టుకోవాలి. ప్యానెల్ అమ్మేవాళ్లు గీసిచ్చే లాభాల పట్టికల్లో ఈ 80 శాతం నిబంధన తరచూ కనబడదు.

మరమగ్గం, బోరుబావి, గాలిమర

ధర్మవరం మరమగ్గాల షెడ్లు పవర్ ఫ్యాక్టర్ పాఠానికి మంచి నమూనా. మగ్గం మోటారు చిన్నది. మొదలయ్యేటప్పుడు పడే ఊపును తట్టుకోవాలని దాన్ని అవసరానికి మించిన సైజులో పెడతారు. నడుస్తున్నంతసేపూ అది సగం బరువు కూడా మోయదు. ఇండక్షన్ మోటారుకు అయస్కాంత క్షేత్రం కోసం కావలసిన కరెంటు బరువు ఉన్నా లేకున్నా దాదాపు ఒకటే. పనిచేసే కరెంటు తగ్గి, ఇది మాత్రం తగ్గకపోయేసరికి పావు బరువు దగ్గర పవర్ ఫ్యాక్టర్ 0.5 పరిసరాల్లోకి జారిపోతుంది. పెద్ద మోటారు తీసేసి సరైన సైజుది పెట్టడం అసలు మందు. కెపాసిటర్ ఆ తర్వాతి సంగతి.

చిన్న సర్వీసుల్లో దీన్ని అమలు చేయించేందుకు ఎల్‌టీ (లో టెన్షన్) టారిఫ్‌లో ఒక నిబంధన ఉండేది. తనిఖీలో కెపాసిటర్ లేదని తేలినా, ఉన్నది పాడైపోయి కనిపించినా నెల బిల్లు మీద 25 శాతం కెపాసిటర్ సర్‌చార్జీ వేసే వీలుండేది. మోటారు చివర నేరుగా బిగించే కెపాసిటర్‌కు ఒక హద్దు ఉంది. బరువు లేనప్పుడు మోటారు తీసుకునే రియాక్టివ్ శక్తిలో 90 శాతానికి అది మించకూడదు. మించితే, స్విచ్ తీసేశాక కూడా తిరుగుతున్న మోటారును కెపాసిటరే ఉత్తేజపరుస్తుంది, చివర్లో వోల్టేజీ ఎగబాకుతుంది.

ఈ జిల్లాలో పవర్ ఫ్యాక్టర్ ఊసు ఫ్యాక్టరీల కన్నా ముందు పొలాలకే చేరింది. వానలు తక్కువ, బోర్లు ఎక్కువ ఉన్న ప్రాంతం ఇది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ప్రకటించాక దానికి జోడించిన షరతుల్లో ఐఎస్ఐ మార్కు పంపుసెట్టు, ఘర్షణ తగ్గించే ఫుట్‌వాల్వ్, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపులతోపాటు తగిన కెపాసిటర్ కూడా ఉంది. 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్ కెపాసిటర్ సరిపోతుంది. బిల్లు కట్టని రైతుకు దానివల్ల నేరుగా రూపాయి కూడా మిగలదు. మిగిలేది వోల్టేజీ. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద అందరూ కెపాసిటర్లు పెట్టుకుంటే చివరి బోరుకు కూడా కొంచెం మెరుగైన వోల్టేజీ అందుతుంది, మోటారు కాలిపోవడం తగ్గుతుంది. ఒక్కరే పెట్టుకుంటే లాభం పదిమందికీ పంచుకుపోతుంది. ఈ షరతు కాగితం మీద నిలిచినంతగా స్టార్టర్ డబ్బాలో నిలవకపోవడానికి కారణం వెతకనక్కర్లేదు.

ధర్మవరం, పెనుకొండలకు దగ్గరలోని రామగిరి కొండల మీద 1990ల్లో పెట్టిన గాలిమరలది తమాషా పరిస్థితి. అవి కరెంటును ఉత్పత్తి చేస్తాయి, కానీ ఆ కాలపు యంత్రాల్లో ఉన్నవి ఇండక్షన్ జనరేటర్లు. కిలోవాట్లను గ్రిడ్‌కు ఇస్తూనే రియాక్టివ్ శక్తిని గ్రిడ్ నుంచి లాగుతాయి. ప్రతి గాలిమర అడుగునా కెపాసిటర్లు అమర్చాల్సి వచ్చింది. తర్వాతి తరం గాలిమరల్లో ఎలక్ట్రానిక్ కన్వర్టర్లు వచ్చి ఆ లోటు తీర్చాయి. దానితోపాటు హార్మోనిక్స్ అనే కొత్త పేచీని తెచ్చాయి.

అల వంకర పోయినప్పుడు

జనరేటర్ ఇచ్చే వోల్టేజీ నునుపైన సైన్ అల. మామూలు మోటారు, హీటరు తీసుకునే కరెంటు కూడా అదే ఆకారంలో ఉంటుంది. డయోడ్లు, థైరిస్టర్లు ఉన్న పరికరం అలా తీసుకోదు. అల శిఖరం దగ్గర గబుక్కున ఇంత లాగేసి, మిగతా సమయం ఊరుకుంటుంది. ఎంత వంకర అలనైనా మూల పౌనఃపున్యానికి రెట్టింపు, మూడింతలు, అయిదింతలు ఉండే సైన్ అలల మొత్తంగా విడదీయవచ్చని ఫ్రెంచి గణితవేత్త ఫూరియే 1822లో ఉష్ణప్రసారం మీద రాసిన పుస్తకంలో చూపాడు. ఆ రెట్ల అలలే హార్మోనిక్స్. మన 50 హెర్ట్జ్ సరఫరాలో అయిదోది 250 హెర్ట్జ్, ఏడోది 350 హెర్ట్జ్.

ఏ పరికరం ఏ హార్మోనిక్స్ పుట్టిస్తుందో చాలావరకు ముందే చెప్పవచ్చు. మోటార్ల వేగాన్ని మార్చే డ్రైవుల్లో సాధారణంగా ఉండేది ఆరు పల్సుల రెక్టిఫయర్. దాన్నుంచి 5, 7, 11, 13 వస్తాయి. స్టార్–డెల్టా వైండింగుల మధ్య ఉండే 30 డిగ్రీల తేడాను వాడుకుని రెండు రెక్టిఫయర్లను కలిపితే 12 పల్సులవుతాయి. అప్పుడు 5, 7 ఒకదాన్నొకటి రద్దు చేసుకుని 11 నుంచి మొదలవుతాయి. ఎల్ఈడీ దీపాలు, కంప్యూటర్లు, కుట్టుమిషన్ల సర్వో మోటార్ల వంటి సింగిల్ ఫేజ్ సరుకు మూడో హార్మోనిక్‌ను పుట్టిస్తుంది. మూడు ఫేజుల్లోని మూడో హార్మోనిక్స్ న్యూట్రల్‌లో రద్దు కావు, కూడుకుంటాయి. వరసల కొద్దీ కుట్టుమిషన్లు నడిచే హాల్లో ఫేజు తీగ గోరువెచ్చగా ఉండి న్యూట్రల్ తీగ కాలుతుంటే ఎలక్ట్రీషియన్ అనుమానించాల్సింది దీన్నే. సిద్ధాంతరీత్యా న్యూట్రల్ కరెంటు ఫేజు కరెంటుకు 1.73 రెట్ల దాకా పోగలదు. పాత వైరింగులో న్యూట్రల్‌కు సగం సైజు తీగ వేసే అలవాటు ఇక్కడే కొంప ముంచుతుంది.

డ్రైవుల దగ్గర మీటరు ఒక్కోసారి కళ్లు కప్పుతుంది. చోక్ (వరసలో పెట్టే తీగచుట్ట) లేని డ్రైవు తీసుకునే కరెంటు అలకూ వోల్టేజీ అలకూ మధ్య జరుగుడు చాలా తక్కువ, ఆ లెక్కన పవర్ ఫ్యాక్టర్ 0.98. కానీ కరెంటులో మొత్తం వక్రత 80 శాతం ఉంటే అసలు పవర్ ఫ్యాక్టర్ 0.77 దగ్గరే ఉంటుంది. ఈ లోటును కెపాసిటర్ తీర్చలేదు. అల జరిగిపోతే వెనక్కి లాగడం దానికి చేతనవును, వంకరపోయిన అలను సరిచేయడం దాని పని కాదు. డ్రైవు ముందు 3 శాతం చోక్ పెడితే వక్రత దాదాపు సగానికి దిగుతుంది. కొనేటప్పుడే అడిగి పెట్టించుకుంటే తక్కువ ఖర్చుతో పోయేది, కొటేషన్‌లో నాలుగు రూపాయలు తగ్గించడం కోసం తరచూ మొదట కోతపడేది ఆ చోకే.

కొలిమి, బాడీ షాపు, రైలింజను

హిందూపురం వైపు ఇండక్షన్ కొలిముల కథ వేరు. తుక్కు ఇనుమును రాగి చుట్టల మధ్య పెట్టి, కొన్ని వందల హెర్ట్జ్ కరెంటు పంపి కరిగిస్తారు. ఆ కరెంటును తయారుచేయడానికి ముందు గ్రిడ్ కరెంటును డీసీగా మార్చాలి. థైరిస్టర్లతో పవరును తగ్గించి పెంచే పాత రకం కొలిముల్లో, తక్కువ పవరు మీద నడిపినప్పుడు పవర్ ఫ్యాక్టర్ దారుణంగా పడిపోతుంది. డయోడ్ రెక్టిఫయర్ మీద నడిచే కొత్త రకాల్లో అది 0.95కి పైగానే నిలబడుతుంది, హార్మోనిక్స్ మాత్రం రెండింట్లోనూ ఉంటాయి. పెద్ద కొలిములకు 12, 24 పల్సుల ట్రాన్స్‌ఫార్మర్లు అమర్చడం అందుకే. వీటితోపాటు 50కి పూర్ణ గుణిజం కాని పౌనఃపున్యాలు కూడా లైన్లోకి చొరబడతాయి. ఒకే ఫీడర్ మీద ఉన్న పక్క ఫ్యాక్టరీ దీపాలు అకారణంగా మిణుకుమంటే దాని మూలం రోడ్డుకు అవతల ఉండవచ్చు.

కార్ల బాడీ షాపులో భారం ఇంకో రకం. రేకులను అతికే స్పాట్ వెల్డింగ్ ఒక్కో చుక్కకు సెకనులో మూడో వంతు కూడా తీసుకోదు. ఆ కాస్తలోనే వేల ఆంపియర్లు పోతాయి. పాత పద్ధతి ఏసీ వెల్డర్లు రెండు ఫేజుల మధ్య కూర్చుని, తక్కువ పవర్ ఫ్యాక్టర్‌తో లైనును కుదిపేస్తాయి. రోబోలతో వాడే ఇన్వర్టర్ వెల్డర్లు గ్రిడ్ కరెంటును డీసీ చేసి 1,000 హెర్ట్జ్‌గా మార్చుకుంటాయి. మూడు ఫేజుల మీద భారం సమానంగా పడుతుంది, బదులుగా 5, 7 హార్మోనిక్స్ వస్తాయి. కాంటాక్టర్లతో పనిచేసే మామూలు ఏపీఎఫ్‌సీ ప్యానెల్ (అవసరాన్ని బట్టి కెపాసిటర్లను తనంతట తానే వేసి తీసేది) ఈ వేగాన్ని అందుకోలేదు. ఒక మెట్టు (స్టెప్) కెపాసిటర్లను తీసి మళ్లీ వేయాలంటే కెపాసిటర్ డిశ్చార్జి అయ్యేదాకా, దాదాపు నిమిషం ఆగాలి. ఈలోపు వందల చుక్కలు పడిపోతాయి. ఇలాంటిచోట థైరిస్టర్‌తో స్విచ్ అయ్యే కెపాసిటర్లు గానీ, మిల్లీసెకన్లలో స్పందించే స్టాటిక్ వార్ జనరేటర్లు గానీ కావాలి.

ఇవన్నీ ఫ్యాక్టరీ గోడల లోపలివి. ఈ మూడు ఊళ్లనూ కలిపే రైలు మార్గం కూడా ఇదే కథలో పాత్రధారి. 25 కేవీ సింగిల్ ఫేజ్ ట్రాక్షన్ సబ్‌స్టేషన్లు గ్రిడ్‌లోని మూడు ఫేజుల్లో రెండింటి మీదే బరువు వేస్తాయి. డీసీ మోటార్లతో నడిచే వ్యాగ్-7, వ్యాప్-4 రకం పాత ఇంజన్ల పవర్ ఫ్యాక్టర్ 0.8 పరిసరాల్లో ఉండి, మూడో హార్మోనిక్ దండిగా వచ్చేది. త్రీ-ఫేజ్ మోటార్లున్న వ్యాగ్-9, వ్యాప్-7 ఇంజన్లు దాదాపు 1 పవర్ ఫ్యాక్టర్‌తో నడుస్తాయి. పాత ఇంజన్లు తగ్గేకొద్దీ రైల్వే సబ్‌స్టేషన్లలోని కెపాసిటర్ల అవసరమూ తగ్గుతోంది.

నాలుగో మెట్టు మీద ప్రమాదం

ప్రతి ఫ్యాక్టరీలోనూ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇండక్టెన్స్ ఉంటుంది. దాని కింద కెపాసిటర్లు వేస్తే రెండూ కలిసి ఒకానొక పౌనఃపున్యం దగ్గర ప్రతిధ్వనిస్తాయి. సరిగ్గా అదే పౌనఃపున్యంలో హార్మోనిక్ కూడా ఉంటే, ఉయ్యాలను లయ తప్పకుండా ఊపినట్టు, చిన్న కరెంటు కూడా పెద్ద ఊపు అందుకుంటుంది. ఆ పౌనఃపున్యం ఎక్కడుందో తెలుసుకోవడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ షార్ట్ సర్క్యూట్ కేవీఏని కెపాసిటర్ కేవీఏఆర్‌తో భాగించి వర్గమూలం తీస్తే చాలు.

1,000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, ఇంపీడెన్స్ 5 శాతం అనుకుందాం. షార్ట్ సర్క్యూట్ స్థాయి 20,000 కేవీఏ. ఏపీఎఫ్‌సీ ప్యానెల్‌లో వందేసి కేవీఏఆర్ మెట్లు ఉన్నాయి. ఒక మెట్టు ఆన్ అయినప్పుడు ప్రతిధ్వని 14వ హార్మోనిక్ దగ్గర ఉంటుంది, అక్కడ పెద్దగా ఏమీ లేదు. రెండు మెట్లకు 10కి, మూడింటికి 8 పైచిలుకుకు దిగుతుంది. నాలుగో మెట్టు పడిన క్షణాన 7.07, సరిగ్గా డ్రైవులు పంపే ఏడో హార్మోనిక్ మీద. ఇదే ప్యానెల్‌ను 800 కేవీఏఆర్ దాకా పెంచుకుంటూ పోతే అయిదో హార్మోనిక్ మీదకు చేరుతుంది. పొద్దున షిఫ్టులో ఏ గొడవా లేకుండా నడిచి, మధ్యాహ్నం బరువు పెరిగి నాలుగో కాంటాక్టర్ పడగానే ఫ్యూజులు పోతున్నాయంటే మర్మం ఇక్కడుంది. చాలాచోట్ల దీన్ని కెపాసిటర్ కంపెనీ నాణ్యత మీదకు తోసేసి, ఇంకో కంపెనీవి తెచ్చి బిగిస్తారు. అవీ పోతాయి.

హార్మోనిక్స్‌కు కెపాసిటర్ అంటే సహజంగానే లోకువ. పౌనఃపున్యం పెరిగేకొద్దీ దాని అడ్డు తగ్గుతుంది, హార్మోనిక్ కరెంట్లన్నీ దాని దారి పడతాయి. ప్రమాణాల ప్రకారం అది రేటింగ్‌కు 1.3 రెట్ల కరెంటు దాకా తట్టుకోవాలి, అంతకు మించితే పూచీ లేదు. దీనికి రాయలసీమ ఎండ తోడవుతుంది. మార్కెట్లో విరివిగా దొరికే డి తరగతి కెపాసిటర్లకు చుట్టూ గాలి గరిష్ఠంగా 55 డిగ్రీలు, రోజు సగటు 45 డిగ్రీలు దాటకూడదు. బయటే 40 దాటిన మే నెలలో, రేకుల షెడ్డులో, చోకులు కూడా వేడి కక్కే మూసిన ప్యానెల్‌లో ఆ హద్దు నిలవడం కష్టం. ప్యానెల్ ఫ్యాను ఫిల్టరుకు పట్టిన దుమ్ము దులపడం చిన్న పనే. ధర్మవరం వైపు దానికి పట్టునూలు పీచు కూడా కలుస్తుంది.

చోకులు, ఫిల్టర్లు

ప్రతిధ్వనికి వాడుకలో ఉన్న మందు డిట్యూన్డ్ రియాక్టర్. ప్రతి కెపాసిటర్‌కూ వరసలో ఒక చోక్ పెట్టి, ఆ జంట ప్రతిధ్వనించే పౌనఃపున్యాన్ని అయిదో హార్మోనిక్ కన్నా కిందికి దించుతారు. 7 శాతం రియాక్టరుతో అది 189 హెర్ట్జ్. 5.67 శాతంతో 210 హెర్ట్జ్. మూడో హార్మోనిక్ బలంగా ఉన్నచోట 14 శాతం వేసి 134కి దింపుతారు. 250 హెర్ట్జ్ దగ్గర ఆ జంట కెపాసిటర్‌లా కాక చోక్‌లా ప్రవర్తిస్తుంది, ఊపు అందదు.

ఇందులో వివరాలు తప్పితే మందు విషమవుతుంది. చోక్ వల్ల కెపాసిటర్ మీద వోల్టేజీ పెరుగుతుంది. 440 వోల్టుల సరఫరాలో 7 శాతం చోక్ ఉంటే కెపాసిటర్ చూసేది 473 వోల్టులు. అందుకే 480 లేదా 525 వోల్టుల కెపాసిటర్లు వాడాలి. వాటిని తక్కువ వోల్టేజీలో నడిపితే దక్కే కేవీఏఆర్ కూడా తగ్గుతుంది. 525 వోల్టుల రేటింగున్నది 415 దగ్గర రాసినదాంట్లో 62 శాతమే ఇస్తుంది. చోక్ ఉన్న మెట్లనూ, చోక్ లేని పాత కెపాసిటర్లనూ ఒకే బస్‌బార్ మీద కలిపి పెట్టకూడదు. కెపాసిటర్ ముసలిదయ్యేకొద్దీ కెపాసిటెన్స్ తగ్గి, జంట ప్రతిధ్వని పైకి జరుగుతుంది. 5.67 శాతం రియాక్టరున్న మెట్టులో 30 శాతం కెపాసిటెన్స్ పోతే ప్రతిధ్వని సూటిగా 250 హెర్ట్జ్ మీద పడుతుంది. ఏడాదికోసారి టాంగ్ టెస్టర్‌తో ప్రతి మెట్టు కరెంటునూ కొలిచి పుస్తకంలో రాసుకునే ఎలక్ట్రీషియన్ ఉన్న ఫ్యాక్టరీలో ఈ జారుడు ముందే పట్టుబడుతుంది.

డిట్యూన్డ్ రియాక్టర్ హార్మోనిక్స్‌ను పెరగనివ్వదు, పెద్దగా తగ్గించదు కూడా. తగ్గించాలంటే ఫిల్టర్ కావాలి. ఒకే హార్మోనిక్‌కు శ్రుతి చేసిన పాసివ్ ఫిల్టర్ చవక. కానీ పక్క ఫ్యాక్టరీ హార్మోనిక్స్‌ను కూడా తనవైపు లాక్కుని బరువెక్కుతుంది. యాక్టివ్ ఫిల్టర్ లైను కరెంటును క్షణక్షణం కొలిచి, అందులోని వంకరకు సరిగ్గా ఎదురు వంకరను ఐజీబీటీలతో పుట్టించి కలుపుతుంది. ఖరీదైనదే, అయినా భారం మారుతూ ఉండేచోట దానికి సాటి లేదు. పెద్ద డ్రైవుల విషయంలో గ్రిడ్ వైపునే సైన్ అల తీసుకునే యాక్టివ్ ఫ్రంట్ ఎండ్ రకాన్ని కొంటే ఫిల్టర్ బాధే తప్పుతుంది. ఏది కొన్నా ఒక నియమం మారదు: డ్రైవుకు, మోటారుకు మధ్య కెపాసిటర్ పెట్టకూడదు. మోటారు దగ్గర ముందునుంచీ ఉన్న కెపాసిటర్‌ను మరచిపోయి దాని ముందు కొత్త డ్రైవు బిగిస్తే, కాలిపోయేది డ్రైవు.

హద్దులు ఎవరివి?

హార్మోనిక్స్‌కు ప్రపంచమంతా చూసే కొలబద్ద ఐఈఈఈ 519. 1981లో వచ్చి, 1992, 2014, 2022లలో సవరణలు పొందింది. 11 కేవీ, 33 కేవీ స్థాయిల్లో వోల్టేజీ మొత్తం వక్రత 5 శాతం, ఏ ఒక్క హార్మోనిక్ అయినా 3 శాతం దాటకూడదు. కరెంటుకు ఒకే హద్దు లేదు. గ్రిడ్ బలంతో పోలిస్తే వినియోగదారు చిన్నవాడైతే 20 శాతం దాకా వెసులుబాటు, పెద్దవాడైతే 5 శాతమే. హద్దు వర్తించేది డిస్కం లైను, ఫ్యాక్టరీ కలిసే చోట. లోపల ఒక్కో యంత్రం దగ్గర కొలిచి భయపడక్కర్లేదు.

భారతదేశంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2007లో తెచ్చిన గ్రిడ్ అనుసంధాన ప్రమాణాలు వోల్టేజీకి 5 శాతం, కరెంటుకు 8 శాతం హద్దు పెట్టాయి. 2019 సవరణ ఐఈఈఈ 519 బాట పట్టి, హార్మోనిక్స్‌ను క్లాస్ ఏ పవర్ క్వాలిటీ మీటర్లతో కొలవాలంది. నిబంధన ఉండటం, బిల్లులో పడటం ఒకటి కాదు. పొరుగున తమిళనాడులో హద్దు దాటిన హెచ్‌టీ వినియోగదారు మీద టారిఫ్‌లో 15 శాతం పరిహారం వేసే నిబంధన ఉంది. ఆ భయంతోనే అక్కడి నూలు మిల్లులు ఫిల్టర్లవైపు చూశాయి. కేవీఏహెచ్ బిల్లింగ్ ఆంధ్రప్రదేశ్‌లో పవర్ ఫ్యాక్టర్ విషయంలో చేసిన పనిని హార్మోనిక్స్ విషయంలో చేసేదేదీ అంత పదునుగా లేదు.

సోలార్ తెచ్చిన తిరకాసు

కొద్ది సంవత్సరాలుగా ఫ్యాక్టరీ రేకుల మీద సోలార్ పలకలు పరుచుకుంటున్నాయి. నంబులపూలకుంటలో భారీ సోలార్ పార్కు ఉన్న జిల్లాలో ఇది ఆశ్చర్యం కాదు. దీంతో పాత సమస్య కొత్త వేషంలో తిరిగొచ్చింది. 0.95 పవర్ ఫ్యాక్టర్‌తో 300 కిలోవాట్లు వాడే ఫ్యాక్టరీకి రియాక్టివ్ శక్తి 99 కేవీఏఆర్ కావాలి. మధ్యాహ్నం సోలార్ 200 కిలోవాట్లు ఇస్తే గ్రిడ్ నుంచి వచ్చేది 100 కిలోవాట్లే. ఇన్వర్టర్లు మామూలుగా కిలోవాట్లే ఇస్తాయి కాబట్టి 99 కేవీఏఆర్ మొత్తం గ్రిడ్డే మోయాలి. మీటరు దగ్గర పవర్ ఫ్యాక్టర్ 0.71. లోపల ఏ యంత్రమూ మారలేదు, యజమాని మాత్రం బిల్లు చూసి కెపాసిటర్లు పాడయ్యాయనుకుంటాడు.

ఏపీఎఫ్‌సీ కంట్రోలర్‌కు సమాచారం ఇచ్చే సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) ఎక్కడ ఉందన్నది ఇక్కడ నిర్ణాయకం. అది సోలార్ కలిసే చోటుకు దిగువన ఉంటే కంట్రోలర్‌కు ఫ్యాక్టరీ భారమే కనబడుతుంది. దాని లెక్కలో 0.95 బాగానే ఉంది, మరో మెట్టు వేయదు. సీటీని డిస్కం మీటరు పక్కకు, సోలార్‌కు ఎగువకు మార్చాలి. మిగులు కరెంటు గ్రిడ్‌కు తిరిగి పోయే సమయాల్లో కూడా తికమక పడని ఫోర్-క్వాడ్రంట్ కంట్రోలర్ పెట్టాలి. లేదంటే ఇన్వర్టర్‌నే కొంత రియాక్టివ్ శక్తి ఇచ్చేలా సెట్ చేయాలి, ఇప్పటి ఇన్వర్టర్లలో చాలావాటికి ఆ వీలుంది. ఏ దారి పట్టినా ప్రతిధ్వని లెక్క మళ్లీ మొదటినుంచి వేయాల్సిందే. సోలార్ వచ్చాక మధ్యాహ్నం ఆన్‌లో ఉండే మెట్ల సంఖ్య మారుతుంది, అదే సమయంలో ఇన్వర్టర్ల హార్మోనిక్స్ కూడా అదే బస్‌బార్ మీదకు చేరతాయి.